మొగలిపాలెం బస్సులో తోడు

కాకినాడలో కొంగ జ్వరం అంటే తెలియని మనిషి లేడు. ఆ జ్వరానికి మందు కనిపెట్టింది డాక్టర్ హైమవతి అని కూడా చాలామందికి తెలుసు. ఆవిడ ఇంట్లో పాలు తోడుకోవన్న సంగతి మాత్రం ఆ వీధి దాటి బయటికి పొక్కలేదు. అదొక్కటే ఆవిడ అదృష్టం.

తప్పు ఆవిడది కాదు లెండి. ఆ ఇంట్లో వంటగది మొదటినుంచీ సూర్యం మాస్టారిది. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. భార్య పొద్దున్నే పరిశోధనశాలకి వెళ్లిపోతే పప్పులో పోపు ఆయన పెట్టాల్సిందే, పాలలో తోడు ఆయన వెయ్యాల్సిందే. ఆ మధ్య ఇద్దరూ తునిలో ఆయన చెల్లెలింటికి వెళ్లాల్సివచ్చింది. తిరిగొచ్చాక తోడుకోసం ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేకుండా, ఓ గిన్నెడు పెరుగు డీప్‌ఫ్రీజర్లో దాచి, తన తెలివికి తనే మురిసిపోయాడు. వచ్చాక ఆ గడ్డ కరిగించి పాలలో కలిపితే తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి.

"ఇదేం చోద్యమోయ్ హైమా! పైకి చూస్తే పెట్టినది పెట్టినట్టే ఉంది. పని మాత్రం సున్నా" అని గిన్నె వంచి చూపించాడు.

"అది చల్లదనానికి..." అని హైమవతి మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ పాఠం తర్వాత. మజ్జిగ లేకపోతే నాకు ముద్ద దిగదు."

ఆ సాయంత్రం పక్కింటి వరహాలమ్మగారి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అప్పటికే దేవుడి దగ్గర దీపం పెట్టేసింది.

"దీపాలు పెట్టాక తోడు చేతికివ్వకూడదు మాస్టారూ."

"మరి నా గతేంటండీ?"

"ఇవ్వనన్నానా? ఇదిగో, గోడ మీద పెడుతున్నాను. నేనివ్వలేదు, మీరే తీసుకున్నారు. గిన్నె మాత్రం ఖాళీగా పంపకండి బాబూ. ఇంత పంచదారో, నాలుగు పెసలో వేసి పంపాలి. కిందటిసారి బోసిగా పంపేశారు మీరు."

సూర్యం మాస్టారు నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. పాలలో తోడు కలిపి, మూత పెట్టి, అటు తిరిగి దగ్గాడు. పొడిదగ్గు. చలిగాలి అన్నాడు. హైమవతి కూడా చలిగాలే అనుకుంది. అనుకోవడమే ఆవిడకి సుఖంగా ఉంది మరి.

నిజానికి ఆవిడ మందుకి 'తోడు' అని పేరు పెట్టింది కూడా ఆ మాస్టారే. కొన్నేళ్ల కిందట ఓ చలికాలం, మడ అడవికి వలసొచ్చిన కొంగలతోపాటు ఓ వైరస్ దిగింది. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులు పట్టేసేది. హైమవతి బృందం మందు తయారుచేస్తే కొన్నాళ్లు పనిచేసేది, తర్వాత చేతులెత్తేసేది. ఇంకో మందు తెస్తే దానికీ అదే గతి. ఒకరోజు అన్నం కంచం ముందు తల పట్టుకుని కూర్చున్న భార్యకి వడ్డిస్తూ మాస్టారు తన క్లాసు సంగతొకటి చెప్పాడు.

"మొదటి బెంచీకి ఏనుగు బొమ్మ ఇచ్చేవాణ్ని. దాన్ని చూసి రెండో బెంచీ, రెండోదాన్ని చూసి మూడోది గియ్యాలి. ఆఖరి బెంచీకి వెళ్లేసరికి ఏనుగు కాస్తా గేదె అయ్యేది. ఎవడూ కావాలని తప్పు చెయ్యడు. తొందరలో గీస్తాడు, అంతే."

హైమవతి కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. "వైరస్సూ అంతేనండి. ఒంట్లో దూరి తన బొమ్మ తనే గీసుకుంటూ పోతుంది. తొందరెక్కువ, తప్పులెక్కువ. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. ఎక్కడో ఓ తప్పు మా మందుని తప్పించుకునేలా పడుతుంది. ఇక మిగతా బెంచీలన్నీ ఆ బొమ్మనే గీస్తాయి."

"అయితే నీ మందుని బయట నిలబెట్టి ఏం లాభం? దాన్నీ తీసుకెళ్లి ఆ బెంచీల్లోనే కూర్చోబెట్టు" అన్నాడాయన, చారు పోస్తూ.

అంతే. ఆ మాట పట్టుకుని హైమవతి ఆ వైరస్‌నే తీసుకుని, జబ్బుచేసే భాగాలన్నీ కత్తిరించి, ఓ బక్కప్రాణిని తయారుచేసింది. దానికి సొంతంగా బతుకు లేదు. ఒంట్లో ఒంటరిగా ఉంటే చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. వైరస్ ఉన్నచోట మాత్రం, దాని కంచంలోనే చెయ్యిపెట్టి తింటుంది, తన బొమ్మలు కూడా దాని చేతే గీయించుకుంటుంది. వైరస్‌కి తిండి చాలదు, చిక్కిపోతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. వైరస్ బొమ్మ మారితే దీని బొమ్మా మారుతుంది, ఇద్దరినీ గీసే చెయ్యి ఒకటే కనక. ఇదంతా విని మాస్టారు, "ఓసోస్, ఇది తోడు వెయ్యడమేగా!" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ తోడు మొట్టమొదట ఒంట్లోకి ఎక్కించుకున్న మనిషి నూకరత్నం. మొగలిపాలెం రూటులో ఆర్టీసీ కండక్టరు. ఊపిరి అందక, పెదాలు నల్లబడి ఆస్పత్రికి వచ్చింది. కాయితం మీద సంతకం పెడుతూ, "ఎలాగూ పోయేదాన్నే గదండి. పోతే మీకు చదువు, ఉంటే నాకు బతుకు" అంది. ఉంది. ఆవిడ తర్వాత మరికొందరు బతికారు. ప్రయోగం ముగిశాక, ఒంట్లో మిగిలిన తోడునీ వైరస్‌నీ ఊడ్చెయ్యడానికి వాళ్లందరికీ మాత్రలిచ్చి, పరీక్ష చేసి, ఏమీ లేదని తేల్చి ఇళ్లకు పంపేశారు.

ఎందుకంటే పైన నిపుణుల సంఘం ఒక మాటంది. వైరస్‌తోపాటు తోడు కూడా ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. మందన్నది మనిషి ఒప్పుకుంటేనే ఒంట్లోకి పోవాలి, వద్దనే హక్కు ఉండాలి. దాన్నలా గాలికొదిలెయ్యడం కుదరదు. న్యాయమైన మాటే. హైమవతి కాదనలేదు. ఈలోగా జ్వరమూ తగ్గుముఖం పట్టింది. తోడుని సన్నటి గొట్టాల్లో పోసి ఫ్రీజర్లోకి పంపేశారు.

ఆ ఫ్రీజర్‌కి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. ఆయుధపూజ రోజున పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవారు. ఏటా ఓ చుక్క తీసి, దాని జన్యువులోని అక్షరాలన్నీ చదివి, "ఒక్క అక్షరం మారలేదు" అని హైమవతి కుడిచెయ్యి లాంటి ఇస్మాయిల్ ప్రకటించేవాడు. అందరూ చప్పట్లు కొట్టి కాజాలు తినేవారు. చూశారా, ఎంతెంత చదువులు చదివినవాళ్లో! మారుతూ ఉండడంకోసమే పుట్టించినదాన్ని, మారనందుకు మెచ్చుకుంటూ కూర్చున్నారు.

ఈ చలికాలం కొంగలు మళ్లీ వచ్చాయి. జ్వరమూ వచ్చింది, కొత్త మొహం వేసుకుని. మొదటివారంలోనే పడకలు నిండిపోయాయి. సూర్యం మాస్టారి చలిగాలి దగ్గు కాస్తా కొంగ జ్వరమే అయింది.

ఆస్పత్రి మంచం మీద, మొహానికి ఆక్సిజన్ గొట్టంతో, ఆయన భార్య వైపు చూసి కన్ను గీటాడు. "నీ ఫ్రీజర్ దేవత వరమివ్వదూ?"

"మాట్లాడకండి, ఆయాసపడతారు" అంది హైమవతి. చెయ్యి మాత్రం ఆయన చేతిలోంచి తియ్యలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మనిషి మాట్లాడకుండా ఉన్న పూట ఆవిడకి గుర్తులేదు. మాటలు ఆగిపోతాయేమోనని మొదటిసారి భయం వేసింది.

అత్యవసరం కనక అనుమతి తొందరగానే వచ్చింది. ఫ్రీజర్లోని తోడు కరిగించి ఎక్కించారు. ఒకరోజు చూశారు, రెండోరోజు చూశారు. జ్వరం దిగలేదు, ఊపిరి ఇంకా బరువెక్కింది. ఇస్మాయిల్ కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పు ఇస్మాయిల్."

"వైరస్ చాలా దూరం వెళ్లిపోయింది మేడమ్. దాని చెయ్యి మారిపోయింది. మన తోడుని అది గుర్తే పట్టట్లేదు, బొమ్మ గియ్యట్లేదు. మనది అలా ఊరికే కూర్చుని ఉంది."

పెట్టినది పెట్టినట్టే ఉంది, పని మాత్రం సున్నా. భర్త వంచి చూపించిన గిన్నె హైమవతి కళ్లముందు ఆడింది. ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది. తనేం చేసిందో అప్పుడు అర్థమైంది. వైరస్ వీధుల్లో తిరుగుతూ బెంచీ బెంచీకీ మారుతుంటే, దానితోపాటు నడవాల్సిన తోడుని తీసుకెళ్లి మంచులో పడుకోబెట్టి పూలదండ వేసింది.

"మళ్లీ కత్తిరించి కొత్తది చేద్దాం మేడమ్."

"ఎన్ని నెలలు పడుతుంది? ఆయనకి అన్ని రోజుల్లేవు ఇస్మాయిల్. ఆ వార్డులో ఎవరికీ లేవు." ఆవిడ తనలో తను అనుకున్నట్టు అంది. "ఇంట్లో తోడు చచ్చిపోతే పక్కింటికి వెళ్తాం. మనకి పక్కిల్లేదీ? అందరి ఒంట్లోంచీ మనమే ఊడ్చేశాంగా."

ఇస్మాయిల్ వెళ్లి జ్వరం పటం ముందు నిలబడ్డాడు. ఏ ఊళ్లో ఎంత తీవ్రంగా ఉందో రంగులు వేసిన పటం అది. "ఒక్క మొగలిపాలెం రోడ్డే నయం మేడమ్. ఆ ఊళ్లనుంచి ఎవరూ పడకల్లోకి రావట్లేదు. జ్వరం లేక కాదు, వస్తోందట, మిరియాల చారు తాగి పడుకుంటే పోతోందట."

"ఆ రోడ్డు పక్క కాలవకి అవతలి ఊళ్లల్లో?"

"అయ్యో, అక్కడ ఇంటికొకరు మంచంలో ఉన్నారు."

హైమవతి లేచి పటం దగ్గరికొచ్చింది. కాలవకి అటూ ఇటూ అవే నీళ్లు, అవే రొయ్యల చెరువులు, అవే కొంగలు. "ఇవతల ఉన్నదేమిటి, అవతల లేనిదేమిటి?"

"ఇవతల తారురోడ్డు ఉంది మేడమ్" అన్నాడు ఇస్మాయిల్, అంతకంటే చెప్పడానికి ఏమీ కనబడక.

పరిశోధనశాల జీపు డ్రైవరుకీ జ్వరమే. హైమవతి సంచిలో నాలుగు గొట్టాలూ సూదులూ వేసుకుని, ఐసుపెట్టె చంకలో పెట్టుకుని, మధ్యాహ్నం మొగలిపాలెం బస్సెక్కింది. ఆ ఊళ్లల్లో నలుగురి గొంతులోంచి నమూనాలు తెస్తే ఏదైనా తెలుస్తుందని ఆశ. బస్సు కిటకిటలాడుతోంది. కోళ్లగంపలు, వలల మూటలు, కాలేజీ పిల్లలు.

"జరగండి బాబూ, జరగండి! లోపలంతా ఖాళీయే, అక్కడే వేలాడతారేంటి? ఏవండీ పెద్దాయనా, ఆ గంప కాళ్లకాడ పెట్టుకోండి..." అంటూ టిక్కెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు హైమవతి ముందుకొచ్చి ఠక్కున ఆగిపోయింది. "మేడంగారూ! తమరా! మా బస్సులోనా!"

నూకరత్నం. కాస్త చిక్కింది, జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. ఆవిడ క్షణంలో సీటు ఖాళీ చేయించి హైమవతిని కూర్చోబెట్టి, బస్సంతా వినబడేలా చెప్పేసింది. "ఓయ్, వినండి! నేనివాళ మీకు టిక్కెట్టు కొడతన్నానంటే ఈ అమ్మగారి చలవేనండి! చచ్చినదాన్ని కూకోబెట్టారు!" జనమంతా మెడలు తిప్పి చూశారు. హైమవతికి సిగ్గేసింది, కళ్లూ చెమర్చాయి. తన మందు పనిచేసిన మనిషిని చూడ్డం ఈ పూట ఆవిడకెంత అవసరమో నూకరత్నానికి తెలియదు.

నూకరత్నం విజిల్ ఊది, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. పొడిదగ్గు.

"ఆ దగ్గేమిటి నూకరత్నంగారూ?"

"ఏం లేదండి. సీజను మారినప్పుడల్లా వస్తదండి. ఓ రెండ్రోజులు ఒళ్లు ఎచ్చబడతది, నీరసంగా ఉంటది, పోద్ది. తమరి దగ్గర్నించి వచ్చినకాణ్నించీ ఉన్నదే."

"మాకు చెప్పలేదేం?"

"పరీక్షలో ఏం లేదన్నారు గదండి! మరింక అడగడమెందుకని..."

హైమవతి తలెత్తింది. చుట్టూ చూసింది. మూసిన కిటికీలు, ఒకరి భుజం మీద ఒకరి ఊపిరి. నూకరత్నం వేలు తడిచేసుకుని టిక్కెట్టు చింపి ఇస్తోంది. అది ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతూ వెనక సీటుదాకా వెళ్తోంది. రోజూ ఇదే బస్సు, ఇదే మనిషి. గున్నంలంక, పెదవలసల, రాయుడుదొడ్డి, మొగలిపాలెం. బస్సు ఆగే ఊళ్లన్నీ, పటంలో చల్లగా ఉన్న ఊళ్లన్నీ ఒకటే. కాలవ అవతలికి బస్సు వెళ్లదు.

పక్కిల్లు దొరికింది. హైమవతి సీటులోంచి ఎంత ఠక్కున లేచిందంటే, పక్కనున్నావిడ "ఏమ్మా, కడుపులో తిప్పుతోందా? నిమ్మకాయ ఇవ్వమంటావా?" అని అడిగింది.

మొగలిపాలెం ఆఖరి స్టాపు. జనం దిగిపోయారు. డ్రైవరు టీకొట్టు వైపు నడిచాడు. హైమవతి ఖాళీ బస్సులో నూకరత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. మాత్రలకి చిక్కకుండా ఇంత వైరసూ, దాని పక్కనే తోడూ ఆవిడ ఒంట్లో మిగిలి ఉండొచ్చనీ, రెండూ మారుతూ మారుతూ ఆవిడ దగ్గునుంచి బస్సులోవాళ్లకి చేరి ఉండొచ్చనీ.

నూకరత్నం మొహం పాలిపోయింది. "అంటే... ఈళ్లందరికీ జొరం అంటించింది నేనాండీ?"

"కాదు..."

"మా మనవరాలుందండీ!" ఆవిడ రెండు చేతులూ దగ్గరగా పెట్టి కొలత చూపించింది. "మా అమ్మాయికి నెలలు నిండకుండా పుట్టిందండి, ఇంతే ఉంటది. దగ్గున్నోళ్లెవరూ దగ్గరికి రాకూడదన్నారండి డాట్రు. నేను కిటికీలోంచి చూసొచ్చేస్తానండి. అమ్మమ్మ లేకుండా బారసాల చెయ్యనని మా అమ్మాయి ఉయ్యాల్లో వెయ్యకుండా అట్టే పెట్టింది. దాన్నైతే ముట్టుకోలేదు గానీ, ఈళ్లందరినీ... ఈళ్ల పిల్లల్నీ..."

హైమవతి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నా మాట వినండి. జ్వరాన్ని తెచ్చింది కొంగలు. ఈ రోడ్డు మీదికి కూడా వచ్చి తీరేది. అవతలి గట్టుకి వచ్చినట్టే వచ్చేది. అక్కడ మనుషులు పోతున్నారు. ఇక్కడ లేచి తిరుగుతున్నారు. మీ దగ్గర్నుంచి వీళ్లకి అందింది తోడు. అడక్కుండా అందింది, అది నిజమే. మీకూ తెలీదు, నాకూ తెలీదు. దానికి ఎవరడిగినా జవాబు నేను చెప్పుకుంటాను, మీరు కాదు."

నూకరత్నం ఖాకీ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంది. హైమవతి ఇక ఆపుకోలేకపోయింది. "ఇప్పుడు నేనే మిమ్మల్ని అడుగుతున్నాను. మావారు ఆస్పత్రిలో ఉన్నారు. నా దగ్గరున్న తోడు పనిచెయ్యలేదు."

"ఎవరూ, మాస్టారా?" నూకరత్నం లేచి నిలబడింది. "నేను మంచంలో ఉన్నప్పుడు రోజూ చారన్నం తెచ్చిన మాస్టారేనాండీ? ముద్ద దిగట్లేదంటే నా కాయితం వెనకాల కోతిబొమ్మ ఏసి నవ్వించారండీ ఆయన! ఇంకా కూకున్నారేంటి మేడంగారూ, తియ్యండి! రగతం తీస్తారో, గొంతులో తీస్తారో తీసేస్కోండి!"

రెండూ తీసింది. తీరా చూస్తే ఐసుపెట్టెలో ఐసు దారిలోనే కరిగి నీళ్లయింది. తొందరలో మూత సరిగ్గా పెట్టలేదు మహాతల్లి. హైమవతి బిక్కమొహం వేసింది. నూకరత్నం మాత్రం తన అన్నం డబ్బా, స్టీలు హాట్‌బాక్సు కడిగేసి, రోడ్డు పక్కన రొయ్యలు కట్టే షెడ్డులోకి పరిగెత్తింది. రొయ్యలమీద వేసే ఐసు దంచి నింపించి, గొట్టాలు అందులో గుచ్చి మూత బిగించింది.

అప్పటికి టీకొట్టువాడు దేవుడి పటానికి దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాడు. నూకరత్నం అటు చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీపాలెట్టేశారండి. తోడు చేతికివ్వకూడదు." డబ్బాని బస్సు మెట్టు మీద పెట్టింది. "నేనివ్వలేదండోయ్. తమరే తీస్కున్నారు."

హైమవతికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. వంగి డబ్బా తీసుకుని గుండెకి హత్తుకుంది. రొయ్యల వాసన గుప్పుమంది. జన్మలో ఏ వాసనా ఆవిడకంత బాగా అనిపించలేదు.

పరిశోధనశాలలో పాత పరీక్ష పెడితే, యథాప్రకారం ఏమీ లేదంది. "ఉండదు మరి. చిన్నప్పటి ఫొటో చేత్తో పట్టుకుని పెద్దయిన మనిషిని వెతుకుతున్నాం మనం" అంది హైమవతి. పరీక్ష పక్కన పడేసి అక్షరం అక్షరం చదివించింది. ఇస్మాయిల్ తెర మీదికి వంగి, పైకి లేచి, మళ్లీ వంగాడు. ఉంది! చాలా మారిపోయి ఉంది. ఈ ఏడు వైరస్ ఎన్ని మలుపులు తిరిగిందో అన్ని మలుపులూ తిరిగి, దాని పక్కనే బెంచీమీద కూర్చుని ఉంది తోడు.

"ఒక్క అక్షరం మారలేదని కాజాలు తిన్నాం మేడమ్" అన్నాడు ఇస్మాయిల్, కళ్లజోడు తీసేసి.

"తినేశాంగా, ఇంకేం చేస్తాం. ముందు దీన్ని పెంచు."

నిపుణుల సంఘం పెద్దగారి గొంతు ఫోన్లో ఖంగుమంది. చాలా ప్రశ్నలు వేశారు, అన్నీ వెయ్యాల్సినవే. హైమవతి ఏదీ దాచలేదు. చివరికి, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకి, వాళ్లు సరేనంటేనే ఇవ్వమన్నారు. ఆవిడ కాయితం పట్టుకుని భర్త మంచం దగ్గరికి వెళ్లింది. ఆయనకి కళ్లు తెరవడమే కష్టంగా ఉంది. అయినా అడక్కుండా ఊరుకోలేదు.

"ఎవరింటి... తోడోయ్?"

"నూకరత్నంగారిది. మీ కోతిబొమ్మ గుర్తుందిట ఆవిడకి."

"అయితే... వెయ్యి" అని వేలిముద్రంత సంతకం గీకాడు.

ఆ తర్వాత హైమవతి చెయ్యగలిగింది కూర్చోవడమొక్కటే. పాలలో తోడు కలిపాక మూత తీసి తీసి చూడకూడదని ఆయనే చెప్పేవాడు. అయినా ఆవిడ చూస్తూనే ఉంది. మర్నాడు ఏ మార్పూ లేదు. ఆ మర్నాడు ఒంటిమీద చెయ్యేస్తే కాస్త చెమట తగిలింది. ఇంకో పూటకి నర్సు ఆక్సిజన్ తగ్గించింది. మాస్టారు కళ్లు తెరిచి, ఆస్పత్రివాళ్లిచ్చిన పల్చటి గంజి వైపు చూసి, "ఇది మనుషులు తాగేదేనా? కాస్త మజ్జిగన్నం లేదుటోయ్?" అన్నాడు. హైమవతి మంచం పట్టెమీద తల ఆనించి భోరుమంది. "ఏడుస్తావేం, మజ్జిగ లేకపోతే లేదని చెప్పు" అని ఆయన కంగారుపడ్డాడు. ఆ వార్డులో అదే వారం మరో ఇద్దరు లేచి కూర్చున్నారు. తర్వాత ఇంకొందరు. అందరూ లేవలేదు. గుమ్మం దగ్గరి మంచంలో ఉన్న కుర్ర లెక్చరర్‌కి తోడు అందేసరికే ఆలస్యమైపోయింది. ఆ అబ్బాయి తల్లికి ఏం చెప్పాలో హైమవతికి ఇప్పటికీ తెలియదు.

కాలవ అవతలి ఊళ్ల సంగతి ఒక్కరోజులో తేలలేదు. ఊరూరా సభ పెట్టి, ఇది ఇలా పాకుతుంది, సమ్మతమైతేనే అని విడమరిచి అడిగారు. చాలా ఊళ్లు రమ్మన్నాయి. ఒక ఊరు వద్దంది, అక్కడికి వెళ్లలేదు. మొగలిపాలెం రోడ్డు ఊళ్లల్లో హైమవతి తనే నిలబడి, మిమ్మల్ని అడక్కుండానే ఇది మీకు చేరిందని చెప్పింది. కొందరు కోప్పడ్డారు. తల వంచుకుని వింది. ఓ ముసలాయన మాత్రం, "మరి మా కండట్రమ్మ ఎలాగుందండి?" అని అడిగాడు.

ఓ నెల తర్వాత సూర్యం మాస్టారు హాట్‌బాక్సు తోమి తళతళలాడించి ముందు పెట్టుకు కూర్చున్నాడు. "ఖాళీగా ఇవ్వకూడదోయ్, వరహాలమ్మగారు చెప్పారుగా." అందులోనే పాలు పోసి తోడు వేశాడు. గడ్డపెరుగయింది. హైమవతి దాని మీద చిన్న పళ్లెం మూసి, పైన ఓ మాత్రల పొట్లం పెట్టింది. ఇద్దరూ మొగలిపాలెం బస్సెక్కారు. డబ్బా కుదిపేస్తున్నావంటూ దారి పొడుగునా ఆయన డ్రైవరుతో గొడవ.

ఆఖరి స్టాపులో నూకరత్నం మూత తీసి, "ఇయ్యేంటండి?" అంది పొట్లం చూసి.

"మీకోసం చేసిన మాత్రలు. పాతవి కావు, ఇప్పుడు మీ ఒంట్లో ఉన్నదాన్ని చదివి చేసినవి. ఇవి వాడితే వైరసూ పోతుంది, తోడూ పోతుంది. కొత్త పరీక్షతో నేనే చూస్తాను. ఏమీ లేదని తేలాక..." హైమవతి పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మనవరాల్ని ఎత్తుకోవచ్చు."

నూకరత్నం పొట్లం గుప్పిట్లో బిగించింది. తర్వాత బస్సు వైపు చూసింది, ఖాళీ సీట్ల వైపు. "మరి నాలోంచి పోతే, మా రూటోళ్లకెలాగండి? మళ్లీ చలికాలం కొంగలొత్తే?"

"అది ఇప్పుడు వాళ్లందరి దగ్గరా ఉందండి. మీ ఇంట్లో తోడు అయిపోతే పక్కింటికి వెళ్లి తెచ్చుకోరూ? అలాగే. ఇన్నాళ్లూ మీరొక్కరే మోశారు. మాకు తెలీకుండా, మీకూ తెలీకుండా, ఒళ్లు కాలుతున్నా విజిలూదుకుంటూ మోశారు. ఇక దించెయ్యండి." హైమవతి చేతులు జోడించింది. అంత చదువుకున్న మనిషి బస్సు మెట్టు దగ్గర నిలబడి కండక్టరుకి దణ్ణం పెడుతుంటే టీకొట్టులోవాళ్లు లేచి నిలబడ్డారు. "ఆయన్ని నాకిచ్చారు. మీ మేలు ఈ జన్మకి మర్చిపోను."

"ఊరుకోండి మేడంగారూ, తప్పండీ!" అని నూకరత్నం ఆ చేతులు విడదీసింది. ఏడుస్తూనే డ్రైవరు నీళ్ల సీసా లాక్కుని, మొదటి మాత్ర అక్కడికక్కడే గుటుక్కుమనిపించింది. మాస్టారు జేబులోంచి టిక్కెట్టు ముక్క తీసి దాని వెనక కోతిబొమ్మ గీసిచ్చాడు. ఈసారి కోతి చంకలో ఓ పిల్లకోతి కూడా ఉంది.

చలి తగ్గి ఎండలు ముదిరే వేళకి, ఓ ఆదివారం మొగలిపాలెం బస్సు డ్రైవరు వెతుక్కుంటూ వచ్చి హాట్‌బాక్సు హైమవతి చేతిలో పెట్టాడు. "నిన్న మా నూకరత్నంగారి మనవరాలి బారసాలండి. పిల్లని ఆవిడే ఉయ్యాల్లో ఏసిందండి. ఎత్తుకున్నకాణ్నించి దింపితే ఒట్టండి, డూటీకి రమ్మంటే రానంటంది" అన్నాడు.

మూత తీస్తే నిండా పూర్ణం బూరెలు, నడిమధ్య నెయ్యి గుంటలతో. హైమవతి ఒకటి నోట్లో పెట్టుకుని కొరకలేక, మింగలేక, కళ్లనీళ్లు కారుస్తూ అలా నిలబడిపోయింది. మాస్టారు రెండు తిని, మూడోది ఇస్మాయిల్‌కని పక్కన పెట్టి, మనసొప్పక దాన్నీ తినేసి, డబ్బా పట్టుకుని పెరటి కుళాయి దగ్గరికి నడిచాడు.

"మళ్లీ తోముతున్నారేం?" అంది హైమవతి కళ్లు తుడుచుకుంటూ.

"ఇప్పుడు మన వంతు కదోయ్. ఖాళీగా ఎలా పంపుతాం?" అన్నాడాయన.